అట్లకాడ మీద నాణెం

మళ్ళీ నాణెం పడింది.

నేల మీద పడి, కాసేపు దొర్లి, మంచం కింద ఎక్కడో ఆగింది. ఆ వెనకే దేవన్ మోకాళ్ళ మీద వంగి దాన్ని వెతుక్కుంటున్న చప్పుడు. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు పడిందో శర్మిల లెక్క వదిలేసింది. అత్తగారు పైడమ్మ మాత్రం వదల్లేదు.

"పదిహేడు," అంది పైడమ్మ వంటింట్లోంచి. "ఇంక ఈ పూటకి అట్లు లేవు. అందరూ రొట్టి తినండి."

పిండి పులిసి గిన్నెలో పొంగి కూర్చుంది. పెనం వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కింది. అట్లకాడ మాత్రం తలుపేసిన గదిలో దేవన్ చేతిలో ఉంది. సింగపూర్ బెడోక్‌లో ఆరో అంతస్తు ఫ్లాటులో ఆ బుధవారం అట్లు ఆగిపోవడానికి కారణం అదీ. కిందికి దిగితే దుకాణంలో ఇంకోటి దొరుకుతుంది కదా అని బయటివాళ్ళు అనుకోవచ్చు. ఆ ఇంట్లో ఎవరూ అలా అనుకోలేదు.

ఆ అట్లకాడ కొస మీద ఇరవై సెంట్ల నాణెం పెట్టి, రెండు చేతులా పిడి పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కినట్టు చూపుడువేలు మెల్లగా వెనక్కి లాగాలి. చెయ్యి నిలకడగా ఉంటే నాణెం కదలదు. ఏడేళ్ళ కిందట డబ్బుపెట్టెల వ్యానుకి కాపలాకాసే ఉద్యోగంలో చేరిన కొత్తల్లో దేవన్ ఇంట్లో ఇలాగే సాధన చేశాడు. అసలు తుపాకీ ఇంటికి రాదు, డ్యూటీ దిగగానే అక్కడే అప్పజెప్పేసి రావాలి. బొమ్మ తుపాకీ దగ్గరుంచుకున్నా ఈ ఊళ్ళో పోలీసులు ఊరుకోరు. అందుకని అట్లకాడ. ఆ రోజుల్లో నాణెం పడేది కాదు.

ఇప్పుడు పడుతోంది. పదకొండు రోజులుగా పడుతూనే ఉంది.

సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న కూతురు ప్రసన్న ఫోనులోంచి తలెత్తింది. పదకొండేళ్ళ పిల్ల, జూన్ సెలవుల్లో ఇంట్లో ఉంది. "అమ్మా, డాడీ హ్యాండ్ స్టిల్ షేకింగ్ లా. టుమారో హౌ?"

"నువ్వు ఫోను చూసుకో," అంది శర్మిల.

"ఐ ఆస్క్ ఓన్లీ."

"పిల్ల అడిగినదాంట్లో తప్పేటుంది?" పైడమ్మ పొయ్యి ఆర్పేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "రేపు తొమ్మిదింటికి పరీచ్చ. గురి తప్పితే తుపాకీ తిరిగివ్వరంట. అప్పుడేటి సేస్తాడు ఆడు? గేటు కాడ జాగాగా, కాపలావోడిలాగ కూకుని, వొచ్చేపోయే బళ్ళ నెంబర్లు రాసుకుంటాడా?"

"రాసుకుంటే ఏం పోయింది అత్తా?"

ఆ మాట నోరుజారి వచ్చింది కాదు. పదకొండు రోజులుగా శర్మిల నాలిక చివరే ఉంది. పైడమ్మ చేతులు చీరకి తుడుచుకుంటున్నదల్లా ఆగింది.

"ఏటన్నావు?"

"గేటు దగ్గర కూర్చుంటే ఏం పోయింది అన్నాను. మనిషి ఇంటికొస్తాడు."

"ఇప్పుడు రాట్లేదేటి?"

శర్మిల దగ్గర దానికి జవాబుంది గాని, అత్తగారితో చెప్పుకునేది కాదు. పైడమ్మ ఆమెకి సొంత మేనత్త, చిన్నప్పుడు జడలు వేసిన మనిషి. అయినా ఇది చెప్పుకునేది కాదు.

"నీకేటి తెల్సే," అంది పైడమ్మ, ఈసారి గొంతు తగ్గించి. "మలేసియాలో పేరాక్ కాడ మీ మాఁవ బతుకంతా పామాయిలు తోటలో గెలలు కోసేడు. కొడవలి పట్టుకుని సచ్చిపోనాడు. ఆడి కొడుకు బెల్టుకి తుపాకీ కట్టుకుని, టోపీ ఎట్టుకుని నిలబడితే, ఆ ఫోటో సూసుకుని నాను అన్నం తిన్నాను. మొదటిసారి తప్పేడు. గురునాథం దగ్గరుండి నేర్పితే రెండోసారి నెగ్గేడు. అరిసేతులు పుళ్ళు పడిపోయి, సెంచాతో తిన్నాడు నెల్రోజులు. అంత కట్టపడి నేర్సుకున్నాడు."

"నేర్చుకున్నది నీ కొడుకే అత్తా. దాని ఖరీదు కట్టింది నేను."

గదిలో నాణెం పడింది.

"పద్దెనిమిది," అంది పైడమ్మ, కోడలి ముఖంలోకి చూడకుండా.

మధ్యాహ్నం ఒంటిగంటకి దేవన్ బయటికొచ్చాడు. గుమ్మం కనపడే కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ అతనిది. ఇంట్లోనే కాదు, పెళ్ళిళ్ళకెళ్ళినా, తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టేబుల్ చోప్ చేసి ఆపుకున్నా, గోడకి వీపు ఆనించి, వచ్చేపోయేవాళ్ళు కనపడేలా కూర్చుంటాడు. ప్రసన్న చిన్నప్పుడు అందరి నాన్నలూ అలాగే కూర్చుంటారనుకునేది.

"పప్పు వెయ్యనా బావా?"

"వెయ్యి."

"చెయ్యి నొప్పా?"

"కాదు."

వడ్డిస్తున్న ఆమె చేతుల వైపు ఒకసారి చూసి, అన్నం కలుపుకున్నాడు. ముఖం వైపు చూడలేదు. అదీ అలవాటే. ఎవరైనా ఎదురుపడితే ముందు చేతులు చూడాలి, ముఖం తర్వాత. ముఖం అబద్ధం చెప్పగలదు, చెడు జరిగితే చేతుల్లోంచే జరుగుతుంది. ఇది శిక్షణలో మొదటివారం పాఠం. రెండో పాఠం, కుడిచెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. సంచీ ఎడమచేతిలో, గొడుగు ఎడమచేతిలో, పిల్ల ఎడమచంకలో. తుపాకీ లేని సెలవురోజున కూడా కుడిచేతికి పని చెప్పకూడదు. చెబితే అది మరిచిపోతుందట.

శర్మిల ఆ రెండు పాఠాలూ తను నేర్చుకోకుండానే కంఠస్థం చేసింది.

ఆ ఉద్యోగానికి ముందు దేవన్ ఒక ఫర్నిచర్ గోదాములో పనిచేసేవాడు. ఆదివారాలు పాసిర్ రిస్ సముద్రపొడ్డుకి వెళ్ళేవాళ్ళు. తన కుడిచేత్తో ఆమె ఎడమచెయ్యి పట్టుకుని నడిచేవాడు. అరచేతికి కొయ్యజిగురు వాసన వచ్చేది. పెళ్ళిలో పంతులుగారు ఆమె చేతిని పెట్టింది ఆ అరచేతిలోనే. శిక్షణలో చేరిన మొదటి నెలలో, ఒక ఆదివారం నడుస్తూ నడుస్తూ చెయ్యి వదిలించుకుని, "ఇటు రా శర్మీ," అని ఆమెను ఎడమపక్కకి మార్చాడు. ఆరోజు ఆమె నవ్వుకుంది. కొత్త ఉద్యోగం మోజు, నాలుగు రోజులు పోతే తగ్గుతుందనుకుంది. ఏడేళ్ళయింది.

ఒకసారి దీపావళికి, ఎలాగూ చేతులే చూస్తాడు కదా అని, లిటిల్ ఇండియాలో గంటసేపు కూర్చుని మోచేతుల దాకా గోరింటాకు పెట్టించుకుంది. ఇంటికొచ్చి గుమ్మంలో రెండు చేతులూ చాచింది. అతను చూశాడు. వాటిలో ఏమీ లేదని నిర్ధారించుకున్నట్టు ఒక్క క్షణం చూసి, "అన్నం తిన్నావా?" అన్నాడు. ఆ రాత్రి ఆ చేతుల్ని ఆమె సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. ఎర్రదనం పోలేదు. ఆమె కళ్ళారా ఒక్కసారి కూడా చూడని ఆ తుపాకీ మీద సవతి మీద వచ్చేంత కోపం వచ్చింది.

"రేపు వెళ్ళకపోతే?" అంది ఇప్పుడు, మజ్జిగ పోస్తూ.

"వెళ్తాను."

"ఇంకో నెల టైమ్ అడగొచ్చు కదా?"

"అడగను."

"బావా, ఆ రోజు నువ్వు తప్పేం చెయ్యలేదు. అందరూ మెచ్చుకున్నారు. మరి చెయ్యెందుకు..."

"చెయ్యి సంగతి నేను చూసుకుంటాను శర్మీ."

లేచి, చెయ్యి కడుక్కుని, మళ్ళీ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ రోజు సంగతి ఇంట్లోవాళ్ళకి తెలిసింది రెండే ముక్కలు. ఒక మాల్ వెనక, వ్యానులోకి పెట్టెలు ఎక్కిస్తుండగా, వెనకనుంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. దేవన్ తుపాకీ తీశాడు, కాని పేల్చలేదు. కంపెనీ విచారణ చేసి తప్పులేదంది. అయితే డ్యూటీలో తుపాకీ తీసినవాడు మళ్ళీ పరీక్ష నెగ్గాకే దాన్ని చేతికిస్తారని వాళ్ళ రూలు. ఆ పరీక్షే రేపు.

శర్మిల గిన్నెలు కడిగింది. తర్వాత చింతపండు నానబెట్టి పులిహోర కలిపింది. ఒక డబ్బానిండా సర్దింది.

"ఎక్కడికే?" అంది పైడమ్మ.

"సుమలత వాళ్ళింటికి. ఊరికే."

ఎవరినైనా పెద్దసాయం అడగడానికి వెళ్ళేటప్పుడు వట్టిచేతులతో వెళ్ళడం మనవాళ్ళకి చేతకాదు. పేరాక్ తోటల్లో పుట్టినా, సింగపూర్ ఫ్లాటులో బతుకుతున్నా ఆ గుణం పోదు. సుమలత ఇల్లు పక్క బ్లాకులో. శర్మిల రైలెక్కి ఆంగ్ మో కియోలో దిగింది.

గురునాథం అక్కడి హాకర్ సెంటర్లో, ఎప్పుడూ కూర్చునే మూల టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, కంపెనీలో కాల్పులు నేర్పేవాళ్ళందరికీ పెద్ద. వాళ్ళ పేరాక్ తోటవాడే. శర్మిల పెళ్ళిలో పెద్దమనిషిగా నిలబడ్డాడు, ప్రసన్నకి పేరు పెట్టినరోజు ఉయ్యాల ఊపాడు. గోడకి వీపు ఆనించి, కాఫీకప్పు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి ఖాళీగా తొడమీద పెట్టుకుని ఉన్నాడు. మొగుడు ముసలివాడైతే ఎలా ఉంటాడో శర్మిల కళ్ళముందే కూర్చుని ఉంది.

"రామ్మా. తిన్నావా, మకాన్ అయిందా?"

"అయింది అంకుల్. మీకోసం పులిహోర తెచ్చాను."

డబ్బా టేబుల్ మీద పెట్టింది. ఆయన దాన్ని చూశాడు. ఆమె చేతుల్ని చూశాడు. మూత తియ్యలేదు.

"రేపటి పరీక్ష గురించా?"

"అవునంకుల్. బావని ఫెయిల్ చెయ్యండి."

గురునాథం నలభయ్యేళ్ళ సర్వీసులో పాస్ చెయ్యమని అడిగినవాళ్ళని చూసి ఉంటాడు. ఇలా అడిగినవాళ్ళని చూసి ఉండడు. కాఫీకప్పు కింద పెట్టాడు.

"ఆరోజు వీడియో నేను చూశానమ్మా," అన్నాడు. "నీకు వాడు చెప్పి ఉండడు. నేను చెప్తాను విను. ఒక ముసలాయన, మాల్‌లో క్లీనర్. చెవులు సరిగా వినపడవు. మావాళ్ళలో ఒకడు తాళాలు పారేసుకున్నాడు. అవి దొరికితే ఇద్దామని పరుగెత్తుకొచ్చాడు, చెయ్యి గుడ్డసంచీలో పెట్టి. ఆగమని మూడుసార్లు అరిచారు. ఆయనకి వినపడలా. దేవన్ తుపాకీ తీసి గురిపెట్టాడు. వేలు ట్రిగ్గర్ మీద పెట్టలా, పక్కనే ఉంచాడు. సంచీలోంచి చెయ్యి వచ్చింది. ఏదో మెరిసింది. తాళాలు. వాడు తుపాకీ దించాడు. అంతా కలిపి ఒకటిన్నర సెకను."

శర్మిల డబ్బాని కొంచెం ఆయన వైపు జరిపింది.

"కాల్చడం ఎవడికైనా రెండు వారాల్లో నేర్పుతాం. తర్వాత ఏళ్ళకేళ్ళు నేర్పేదంతా ఆ ఒకటిన్నర సెకనులో చూడటం. కొత్తవాడైతే కాల్చేసేవాడు. తప్పు పట్టేవాళ్ళు కూడా ఉండరు. ఆ ముసలాయన సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం తిన్నాడంటే, అది దేవన్ నేర్చుకున్న చదువు. దాన్ని ఫెయిల్ చెయ్యమంటావా?"

"ఆయన ఇంటికెళ్ళాడు అంకుల్," అంది శర్మిల. "మా బావ ఇంకా రాలేదు."

ఇంత సూటిగా అంటానని తనే అనుకోలేదు. అన్నాక ఆపుకోలేకపోయింది. "ఏడేళ్ళయింది. నేను ఎడమపక్కే నడుస్తున్నాను. నా ముఖం చూడడు, చేతులు చూస్తాడు. నిద్రలో కూడా కుడిచెయ్యి దుప్పటి బయట పెట్టుకుంటాడు. నాకు డబ్బొద్దు, హోదా వద్దు. నాకు మా బావ కావాలి. గేటు దగ్గర కూర్చోబెట్టండి. టాయిలెట్లు కడగమనండి. ఆ చెయ్యి నాకిచ్చెయ్యండి."

గురునాథం పక్క టేబుల్ వైపు చూశాడు. అక్కడ ఎవరో పళ్ళేలు ఎత్తుతున్నారు.

"మీ కొండమ్మ ఆంటీ ముప్పై ఏళ్ళు నా ఎడమపక్కే నడిచింది," అన్నాడు. "ఒక్కరోజు అడగలేదు. ఆఖర్న ఆసుపత్రిలో మంచం గోడకి ఆనించి ఉండటంతో, కుర్చీ వేసుకునే చోటు ఒక్కటే మిగిలింది. కుడిచేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని నాలుగురోజులు కూర్చున్నాను. అప్పటికి ఆవిడకి తెలివి లేదు."

శర్మిల కళ్ళు తుడుచుకుంది. ఆయన తన పక్కకి వచ్చేశాడనుకుంది. ఆ ధైర్యమే కొంప ముంచింది.

"అదే అంకుల్. మీకు అర్థమవుతుంది. మీరేం అబద్ధం చెప్పక్కర్లేదు కూడా. బావ చెయ్యి వణుకుతోంది. నాణెం నిలబడటం లేదు. ఈ రోజే పద్దెనిమిదిసార్లు పడింది. పదకొండు రోజులుగా ఇదే వరస. రేపు మీరు కొంచెం గట్టిగా చూస్తే చాలు."

గురునాథం ముఖం మారింది. కోపం కాదు. వీపు నిటారైంది.

"ఏమన్నావమ్మా?"

"చెయ్యి..."

"నువ్వు వచ్చింది మీ అంకుల్ దగ్గరికి. ఇప్పుడు చెప్పింది ట్రైనర్‌కి." గొంతు మెత్తగానే ఉంది. "రేపు ఫెయిలైతే ఆరునెలలకి మళ్ళీ రావొచ్చు, అదేం పెద్ద విషయం కాదు. కాని చెయ్యి వణుకుతోందని ఇంట్లోవాళ్ళే చెప్పారని ఫైలుకెక్కితే, వాడికి ఈ జన్మలో తుపాకీ ఇవ్వరు. పరీక్షే ఉండదు."

"అయితే ఎక్కించకండి. నేను చెప్పలేదనుకోండి."

"ఎలా అనుకోను? రేపు వాడు ఎలాగో బిగపట్టుకుని పాసయ్యాడనుకో. తుపాకీ నేనే ఇస్తాను. ఎల్లుండి ఇంకో ముసలాయన ఇంకో సంచీలో చెయ్యి పెట్టుకుని వస్తాడు. అప్పుడు వణికితే?"

ఆమె చేతులు టేబుల్ కిందికి తీసుకుంది.

"నేను విన్నాను శర్మిలా. వినలేదని నటించడం నాకు రాదు. వచ్చుంటే ఈ పనికి పనికొచ్చేవాణ్ణి కాదు." ఎడమచేత్తో డబ్బాని ఆమెవైపు జరిపాడు. "పరీక్ష ముందురోజు ఇది తీసుకోకూడదు. ఏమీ అనుకోకు. ఆరింటికి ఆఫీసుకి ఫోన్ చేస్తాను, తర్వాత వాడికి. ఈలోగా నువ్వే వాడికి చెప్పు. నా నోటినుంచి వినడం కంటే అది మేలు."

"అంకుల్..."

"నువ్వు అడిగింది ఇదేగా అమ్మా," అన్నాడు గురునాథం. దెప్పిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

రైల్లో కూర్చున్నంతసేపూ శర్మిల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒకే మాట చెప్పుకుంది. మంచిదే అయింది. కోరుకున్నదే అయింది. బెడోక్ వచ్చేసరికి ఆ మాటకి అర్థం పోయింది.

తలుపు తీసేసరికి అట్ల వాసన వచ్చింది. పెనం మీద చుయ్యిమన్న చప్పుడు వినబడింది. వంటింట్లో పైడమ్మ చేతిలో అట్లకాడ ఉంది.

"ఒక్కసారి పడలేదే," అంది పైడమ్మ, కళ్ళనీళ్ళతో నవ్వుతూ. "నాలుగింటినించి ఒక్కసారి పడలేదు. నాను ఎదురుగుండా కూకుని సూసేను. ముప్పైసార్లు లాగేడు. నాణెం మేకు కొట్టినట్టు ఉండిపోనాది. ఇంద అమ్మా అట్లకాడ, ఇంక నాకక్కర్లేదు అని ఇచ్చీసేడు."

"ట్రూ అమ్మా," అంది ప్రసన్న నోట్లో అట్టు ముక్కతో. "ఐ వీడియో ఆల్రెడీ. సో స్టెడీ, సీ."

శర్మిల గోడగడియారం వైపు చూసింది. ఆరుకి పదిహేను నిమిషాలుంది.

దేవన్ హాల్లో ఉన్నాడు. తన కుర్చీలో లేడు. సోఫాలో, గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమెను చూసి కొంచెం జరిగి కుడిపక్కన చోటిచ్చాడు. కుడిపక్కనే.

"కూర్చో శర్మీ. నీతో మాట్లాడాలి."

కూర్చుంది. ఏడేళ్ళ తర్వాత ఆ వైపునుంచి అతన్ని చూస్తోంది. ఆ చెంప మీద ఒక పుట్టుమచ్చ ఉందని మరిచేపోయింది.

"నీకు చెప్పలేదు," అన్నాడు. "అందరూ ఆపినందుకు మెచ్చుకుంటున్నారు. ఆ రోజు నేను సిద్ధంగా ఉన్నాను శర్మీ. చంపడానికి. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. ఆ చెయ్యి సంచీలోంచి రావడమే పదకొండు రోజులుగా కళ్ళముందు తిరుగుతోంది. నాణెం పెట్టగానే అదే వస్తుంది, చెయ్యి వణుకుతుంది."

"బావా, నేనొకటి..."

"నన్ను చెప్పనీ. మధ్యాహ్నం మంచం మీద పడుకుంటే ఆయన ముఖం గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ చెయ్యే గాని ముఖం రాలేదు. నవ్వుతున్నాడు శర్మీ. తుపాకీ ఎదురుగా ఉన్నా చూసుకోలేదు. తాళాలు దొరికాయి చూడండి అన్నట్టు నవ్వుకుంటూ వస్తున్నాడు. అది గుర్తొచ్చాక లేచి నాణెం పెట్టాను. పడలేదు."

వంటింట్లో అట్టు తిరగేసిన చప్పుడైంది.

"రేపు నెగ్గాలి. జీతం కోసం కాదు. తప్పితే ఆయన బతికింది నా చదువు వల్ల కాదు, అదృష్టం వల్ల అనిపిస్తుంది నాకు. ఆ మాట మోసుకుంటూ నేను బతకలేను." ఆమె వైపు తిరిగాడు. "నెగ్గితే గురునాథం అంకుల్‌తో చెప్పేస్తాను, నేర్పే పనిలోకి వస్తానని. ఎన్నాళ్ళనుంచో పిలుస్తున్నాడు. అక్కడ వీధిలో తిరగక్కర్లేదు. తుపాకీ ఆ గోడల మధ్యే ఉంటుంది, ఆదివారం నా వెంట రాదు. పాసిర్ రిస్ వెళ్దాం. ఏ పక్క నడుస్తావో నువ్వే చెప్పు."

శర్మిల ఏడేళ్ళు ఎదురుచూసింది. ఇంకొక్క సాయంత్రం చూసి ఉంటే సరిపోయేది.

దేవన్ ఆమె ముఖంలోకి చూశాడు. తొందర లేకుండా, నుదుటినుంచి గడ్డం దాకా, చదువుకున్నట్టు చూశాడు.

"జుట్టు కత్తిరించుకున్నావా?"

"మూడు నెలలైంది."

"బాగుంది," అన్నాడు. సిగ్గుపడ్డట్టు నవ్వాడు. పెళ్ళికి ముందు, తోటలో కూలీల లయన్ల ఇళ్ళ వెనక, సైకిల్ పట్టుకుని నిలబడి నవ్విన నవ్వు. అది ఇంకా ఉందని ఆమెకి తెలీదు.

అంతలో, ఏడేళ్ళ అలవాటు కాబోలు, అతని చూపు కిందికి జారింది. ఆమె ఒళ్ళో డబ్బా ఉంది. మూతకి చుట్టిన రబ్బరుబ్యాండు వేసింది వేసినట్టే ఉంది. దాని మీద ఆమె రెండు చేతులూ ఉన్నాయి.

"సుమలత ఇంటికెళ్ళావంది అమ్మ. పులిహోర అలాగే తెచ్చావేం?"

ఆమె డబ్బాని ఇంకా దగ్గరికి లాక్కుంది.

దేవన్ తన కుడిచెయ్యి చాపి ఆమె చేతుల మీద పెట్టాడు. వెచ్చగా, బరువుగా, ఏమాత్రం వణుకు లేకుండా ఉంది ఆ చెయ్యి. ఆ చేతి కిందే ఆమె చేతులు ఆగకుండా వణుకుతున్నాయి.

"శర్మీ," అన్నాడు మెల్లగా, ఆమె చేతులే చూస్తూ. "ఎక్కడికెళ్ళావు?"

ఆరుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. చెబితే ఆ చెయ్యి అక్కడ ఉంటుందో లేదో శర్మిలకి తెలీదు. చెప్పకపోతే ఎంతసేపుంటుందో మాత్రం తెలుసు.

"బావా," అంది.